నవ్వకూడని మాటలు

డిసెంబరు 3, సోమవారం

పాలు, ఉప్పు, దూది, ఒక పెన్సిలు.

మామూలుగా అయితే నా పేజీ ఇక్కడితో అయిపోతుంది. పెళ్ళయిన నాటి నుంచి రోజూ రాస్తున్నది ఇంతే, ఏం కొన్నాం, ఏం నిండుకుంది. ఎవరు ఏమన్నారో ఎప్పుడూ రాయలేదు. ఇంట్లో కబుర్లన్నీ ఆవిడ చెప్పేది. నేను "ఊఁ" అనేవాణ్ణి. ఒకసారి విన్నదాన్ని మళ్ళీ రాసుకోవడం దేనికి?

ఇవాళ రాయాల్సి వస్తోంది. ఆవిడ మాట్లాడటం లేదు.

అలిగి కాదు. శనివారం గొంతులో బుడిపె కోసి తీశారు. గొంతు డాక్టరమ్మ వేళ్ళు మడుస్తూ చెప్పింది. "రెండు వారాలు మౌనం. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చెడ్డవి. గొంతు సవరించుకోవద్దు. దగ్గొస్తే ఒక గుక్క నీళ్ళు తాగండి. నవ్వొద్దు."

ఆఖరి మాటకి ఆవిడ నా వైపు తిరిగి చూసింది. ఈయనతో కాపురం చేస్తుంటే ఆ భయమేం లేదులెండి డాక్టరుగారూ, అన్నట్టు.

తీసిన ముక్క పరీక్షకు పంపారు. మంచిదని వస్తే ఇంతటితో సరి. కాదని వస్తే మళ్ళీ కొయ్యాలి, ఈసారి గొంతు మిగలదు. అందరిదీ పంపుతారట, రివాజు. ఇది ఒక్కసారి రాశాను, చాలు. మళ్ళీ రాయను.

ఆవిడ గొంతు ఊరందరిదీ. బస్టాండు మైకులో బస్సుల వేళలు చెప్పేది ఆవిడే. నేను అదే బస్టాండు వెనక పార్సిళ్ళ గోదాములో స్టోర్‌కీపర్ని. పెళ్ళికి ముందు ఏడాది పాటు ఆ గొంతు విన్నాను తప్ప మనిషిని చూడలేదు. మా క్వార్టరు ప్రహరీకి ఆనుకునే ఉంటుంది. ఇంట్లో ఉన్నా మైకు వినిపిస్తుంది.

పెన్సిలు ఆవిడ కోసం కొన్నాను, ఏం కావాలన్నా రాసి చూపిస్తుందని. ఒక పూట రాసి పక్కన పడేసింది. ఆవిడ కోపం వేగానికి పెన్సిలు అందుకోలేదు. ఇప్పుడు మా ఒప్పందం ఇది. ఒక చప్పట అంటే అవును. రెండు చప్పట్లంటే కాదు. గ్లాసు మీద చెంచా మోగితే ఎక్కడున్నా నేను రావాలి.

సాయంత్రం చెంచా మోగింది. వెళ్ళాను. ఆవిడ ఎదురుగా కుర్చీ చూపించి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఏదైనా చెప్పమని. నేను గోడగడియారం వైపు చూశాను. ఆవిడా చూసింది. దాని గురించి కూడా చెప్పడానికి ఏమీ లేదు.

ఏదో ఒకటి చెప్పాలి కదా. నోట్లోంచి ఇది ఊడిపడింది. "గోడౌన్ అనే ఇంగ్లీషు మాట ఉంది చూడు, అది వాళ్ళది కాదట. మలయా వాళ్ళ గుడాంగ్ నుంచి వచ్చిందట. గుడాంగ్ ఎక్కణ్ణించి పోయిందో తెలుసా? మన గిడ్డంగి నుంచేనట. ఓడలెక్కి వెళ్ళి, టోపీ పెట్టుకుని మళ్ళీ మన దగ్గరికే వచ్చింది. నేను అందులోనే కూర్చుంటున్నాను ఇన్నేళ్ళుగా."

ఆవిడ కళ్ళు ఇంతింతయ్యాయి. ఒక చప్పట. మళ్ళీ ఒక చప్పట. ఇంకోటి చెప్పమని.

నాకు చెవులు వేడెక్కాయి. రేపు చెప్తానని లేచి వచ్చేశాను.

డిసెంబరు 4, మంగళవారం

పాలు. అరటిపళ్ళు, మెత్తగా ఉన్నవి.

నిన్నటి మాట ఎక్కడ దొరికిందో, నా దగ్గరున్న నిఘంటువు సంగతి, ఆవిడకు ఇవాళ చెప్పాను. ఎవరూ తీసుకోని పార్సిళ్ళు వేలం వేసినప్పుడు దాన్ని ఎవరూ పాడలేదు. నేను ఉంచుకున్నాను. ఇంగ్లీషు మాటలు, వాటి పుట్టుపూర్వోత్తరాలు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఇంగ్లీషు చదవడం అట్టపెట్టెల మీద నేర్చుకున్నాను. ఫ్రజైల్. దిస్ సైడ్ అప్. కీప్ డ్రై. ఆ తర్వాత భోజనం వేళ రోజుకో పేజీ. ఎవరితోనూ అనలేదు. అంటే "ఏం చదివావేమిటి" అని అడుగుతారు.

పుస్తకం ఒక మూల పందికొక్కు కొరికేసింది. ఆ పందికొక్కు కూడా అందులో ఉంది. బాండికూట్ అంటే మన పందికొక్కేనట, తెలుగు నుంచే వెళ్ళిందని అచ్చేశారు. తన పేరున్న పేజీ మాత్రం అది ముట్టుకోలేదు.

ఆవిడ పెదాలు బిగబట్టి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలాయి. చప్పుడు రాలేదు.

ఇక నుంచి ఇలా రాసుకుంటాను. నేర్చుకున్న మాట జమ. ఆవిడకు చెప్పేసింది ఖర్చు.

జమ: బాండికూట్. ఖర్చు: బాండికూట్.

డిసెంబరు 5, బుధవారం

అత్తయ్య వచ్చింది, కూతురికి సాయం చెయ్యడానికి. మాట్లాడని మనిషికి చెవులు కూడా వినపడవని అత్తయ్య నమ్మకం.

"అమ్మాయీ! ఆకలేస్తోందా! ఆకలీ!" అని వీధి చివరికి వినపడేలా అరుస్తోంది. ఆవిడ ఒక చప్పట కొట్టింది. "అయ్యో, ఏంటో అంటోంది, అల్లుడుగారూ, ఏమంటోంది?" అని నా చెవి దగ్గర అరిచింది. నాకు వినపడుతుందని ఎవరైనా చెప్పండి.

సాయంత్రం నేను మాట చెప్పే వేళకి అత్తయ్య వంటింటి తలుపు చాటున నిలబడింది. నాకు కనిపిస్తోంది. ఇవాళ్టి మాట మార్చేశాను. "ఈవ్స్‌డ్రాప్ అని ఒకటుంది. ఈవ్స్ అంటే చూరు. చూరు నీళ్ళు కారే చోట గోడకు చెవి ఆనించి లోపలి మాటలు వినేవాళ్ళు ఉండేవారట. దాంట్లోంచి చాటుగా వినడానికి ఆ పేరొచ్చింది" అన్నాను.

తలుపు వెనక నుంచి, "నేనేం వినటం లేదు బాబూ, గరిటె వెతుక్కుంటున్నా" అని వినిపించింది.

ఆవిడ దిండు కొరుక్కుంది. నాకు ఇవాళ నేలమీద కాలు నిలవడం లేదు.

డిసెంబరు 6, గురువారం

బస్టాండులో మైకుకి మిషను పెట్టారు. ఎవరిదో గొంతు ముక్కలు ముక్కలుగా కోసి మళ్ళీ అతికించినట్టుంది. "ప్లాట్‌ఫాం. నంబరు. నాలుగు." మధ్యలో ఊపిరి ఉండదు. ఆవిడైతే "నాలుగో ప్లాట్‌ఫాం, మెట్టుంది చూసుకోండి, పిల్లల చెయ్యి వదలకండి" అనేది. ఇవేవీ ఎవరూ చెప్పమనలేదు. ఆవిడకే తోచేవి.

పార్సిళ్ళు తూచే కాటా బావ నాతో అన్నాడు, "చెల్లెమ్మ గొంతు రాకపోతే మిషనే ఉంచేస్తారట బావా, సూపరింటెండెంటు అంటున్నాడు." మా ఇద్దరికీ చుట్టరికం లేదు. ఆవిణ్ణి చెల్లెమ్మ అన్నాడు, దాంతో నేను బావనయ్యాను.

"ఎందుకు రాదు?" అన్నాను.

కాటా బావ ఎగాదిగా చూశాడు. "నువ్వింత గట్టిగా మాట్లాడ్డం నేను వినడం ఇదే మొదటిసారి" అన్నాడు.

డిసెంబరు 7, శుక్రవారం

బోర్బోరిగ్మస్.

దీన్ని నోట్లో పెట్టుకుని పొద్దుటి నుంచీ తిరిగాను. కడుపులో గుడగుడమనే చప్పుడికి వైద్యుల పేరు. గ్రీకుల నాటిది. ఆ చప్పుడు ఎలా వినిపించిందో అలాగే పేరు పెట్టేశారు. మనమూ గుడగుడ అనే అన్నాం. అంత దూరంలో ఉన్నా కడుపు అందరికీ ఒకే భాషలో మాట్లాడింది. మెట్లెక్కుతూ అన్నాను, బోర్బోరిగ్మస్. పార్సిలు మీద ముద్ర కొడుతూ అన్నాను, బోర్బోరిగ్మస్. అది పలుకుతుంటే నాలుక మీద గోళీలు దొర్లినట్టుంటుంది.

భోజనం దగ్గర కూర్చున్నాం. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. నేను ముందుకు వంగి, గొంతు పెద్దది చేసుకుని, "బోర్బో" అన్నానో లేదో, నా కడుపు మిగతా మాట పూర్తి చేసేసింది.

అత్తయ్య "మిక్సీ ఎవరు వేశారు?" అంది.

ఆవిడ నవ్వింది. గట్టిగా. శబ్దం వచ్చింది.

అది ఆవిడ నవ్వు కాదు. తుప్పు పట్టిన తలుపు తీసినట్టు ఉంది.

ఆవిడ రెండు చేతులతో గొంతు పట్టుకుంది. నేను నీళ్ళు ఇచ్చాను. ఆవిడ తాగింది. అన్నం చల్లారిపోయింది.

డిసెంబరు 8, శనివారం

పాలు. నిఘంటువు గోదాములోనే వదిలేసి వచ్చాను.

డిసెంబరు 9, ఆదివారం

చెంచా మోగింది. వెళ్ళాను. గడ్డం కింద చెయ్యి.

"మాటలు అయిపోయాయి" అన్నాను.

రెండు చప్పట్లు.

"నిజంగానే. పుస్తకం చివరికొచ్చేసింది."

ఆవిడ లేచింది. చెంచా నా మీదకు విసిరింది. గురి చూసే విసిరింది కానీ తగలకుండా చూసింది. వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుని వీపు ఇటు పెట్టింది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాగింది.

"ఏం చేశారు బాబూ?"

"ఏం చెయ్యలేదు. నావల్లే నవ్వింది. గొంతు చెడిపోతే?"

"అది నాలుగు రోజులుగా ఎప్పుడు సాయంత్రం అవుతుందా అని గడియారం చూస్తోంది బాబూ. మీకు తెలీదేమో, మధ్యాహ్నం నుంచే జడ వేసుకుని కూర్చుంటోంది."

నాకు తెలీదు.

డాక్టరమ్మకు ఫోను చేశాను. సెలవు రోజు అయినా ఎత్తింది. ఒక్క నవ్వుకి ఏమీ కాదంది, మళ్ళీ నవ్వించొద్దంది. "కబుర్లు చెప్పండి, నవ్వులాట వద్దు. ముఖ్యంగా ఆవిడ దిగులు పడకూడదు." రిపోర్టు గురించి నేను అడగలేదు. డాక్టరమ్మా చెప్పలేదు. రానప్పుడు ఏం చెబుతుంది.

కిటికీ దగ్గరికి వెళ్ళి, వీపుతోనే మాట్లాడాను. "విండో అంటే మొదట్లో గాలి కన్ను అట. చలి దేశాల వాళ్ళ మాట. మనకి గవాక్షం. గవాక్షం అంటే ఎద్దు కన్ను. వాళ్ళకీ మనకీ కిటికీని చూస్తే కన్నే గుర్తొచ్చింది."

ఆవిడ వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపింది. పట్టుకున్నాను. సాయంత్రం అయిపోయేదాకా కిటికీలోంచి ఎదురుగోడ చూస్తూ కూర్చున్నాం. చాలా బాగుంది ఆ గోడ.

ఇంట్లో చెప్పవచ్చు. కానీ నవ్వు రాని మాటలే చెప్పాలి. దీనికి ఒక పద్ధతి కావాలి.

డిసెంబరు 10, సోమవారం

పద్ధతి దొరికింది. కాటా బావ.

పార్సిలు ఇంత బరువని నేను నమ్మను, మీరు నమ్మరు, కాటా ఒప్పుకోవాలి. మాట కూడా అంతే. ముందు బావకు చెప్తాను. బావ నవ్వితే ఆ మాట ఇంటికి పోదు. బావ మొహం కదలకపోతే పోవచ్చు.

"అంటే నా మొహం కొలబద్దా?" అన్నాడు.

"ఊఁ."

"సరే. కానివ్వు."

"మజిల్. కండ. అసలు అర్థం చిట్టెలుక. చర్మం కింద కదులుతుంటే ఎలుక పరిగెత్తినట్టుందని పెట్టారట."

బావ తన చొక్కా చెయ్యి పైకి మడిచి, కండ బిగించి, దాని వైపు చూసుకున్నాడు. తర్వాత కాటా మీద వాలిపోయి నవ్వాడు. ముల్లు ఊగిపోయింది. పార్సిలు ఇవ్వడానికి వచ్చిన మనిషి బరువు ఎంతో తేల్చుకోలేక నిలబడ్డాడు. బావ ఒక ఫ్రజైల్ చీటీ, పగిలే సరుక్కి అంటించేది, తీసి నా చొక్కా జేబుకి అంటించాడు. "ఇది పంపకు."

"అప్రిసిటీ. చలికాలంలో ఎండ వెచ్చదనం. పాత నిఘంటువులో ఒక్కసారి కనిపించి తర్వాత ఎవరూ వాడనే లేదట."

బావ నవ్వలేదు. తలుపులోంచి పడుతున్న ఎండలోకి తన కుర్చీ జరుపుకున్నాడు. "ఇంత మంచి మాటని వదిలేశారా" అన్నాడు.

ఖర్చు: అప్రిసిటీ. ఆవిడ కుర్చీ పెరట్లోకి తెప్పించుకుంది.

డిసెంబరు 11, మంగళవారం

బావకు పట్టపగ్గాలు లేవు. ఇవాళ నేను రాకముందే ఎదురుచూస్తున్నాడు. "ఏం తెచ్చావు బావా?"

"అల్ట్రాక్రెపిడేరియన్. గ్రీకు చిత్రకారుడు ఒకడు బొమ్మ వీధిలో పెట్టాడట. చెప్పులు కుట్టేవాడు చూసి చెప్పు పట్టీ తప్పుగా గీశావన్నాడు. చిత్రకారుడు ఒప్పుకుని దిద్దాడు. మర్నాడు అతనే వచ్చి కాలు కూడా బాలేదన్నాడు. చెప్పు దాటి పైకి రాకు నాయనా అన్నాడట చిత్రకారుడు. తనకు తెలియనిదాంట్లో తీర్పులు చెప్పేవాడికి ఆ కథలోంచి ఈ పేరు పుట్టింది."

అప్పుడే సూపరింటెండెంటు లోపలికి వచ్చి, "ఆ గొంతు జబ్బులకి మిరియాల పొగ పట్టాలయ్యా, డాక్టర్లకేం తెలుసు" అన్నాడు.

బావ వీపు తిప్పుకుని గోడ వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. నేను ఇంకో ఫ్రజైల్ చీటీ తీసి నా జేబుకి నేనే అంటించుకున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య కూతురి గొంతుకి ఏదో పట్టు వేస్తూ, "డాక్టర్లకేం తెలుసు" అంటోంది. బయటికి వెళ్ళి, పెరటిగోడకి ఎదురుగా నిలబడి, బాగా నవ్వి లోపలికొచ్చాను.

డిసెంబరు 12, బుధవారం

ఫిల్ట్రమ్. ముక్కుకీ పై పెదవికీ మధ్య ఉండే చిన్న గాడి. గ్రీకులో వశీకరణ మందు అని అర్థం.

కాటా బావ నవ్వలేదు కానీ చెవులు ఎర్రబడ్డాయి. "ఇది పంపొచ్చో లేదో నా కాటా చెప్పలేదు బావా. నువ్వే చూసుకో" అన్నాడు.

పంపాను. ఆవిడ వేలు తెచ్చి నా మీసం మధ్య పెట్టి, గాడి వెతికి పట్టుకుంది.

ఇంకేమీ రాయను.

డిసెంబరు 13, గురువారం

పేజీలు తిరగేస్తుంటే యు అక్షరం దగ్గర ఒక మాట ఎదురొచ్చింది. చదివి పుస్తకం మూసేశాను. మళ్ళీ తెరిచి చదివాను.

బావ అడిగాడు. చెప్పకుండా ఉండాల్సింది.

"అక్సోరియస్. లాటిన్‌లో అక్సర్ అంటే భార్య. భార్య మీద మితిమీరిన ప్రేమ ఉన్నవాణ్ణి అలా అంటారు."

బావ నవ్వలేదు. మొహం కదల్లేదు. ఈ మాట ఇంటికి పోవచ్చన్నమాట. పోనివ్వలేదు, నేనే. గోదాములో ఉండిపోయిన పార్సిల్లాగా పెట్టేశాను.

"అడ్రసు రాసే ఉంది కదా" అన్నాడు బావ.

జమ: ఒకటి. ఖర్చు: లేదు. ఇంట్లో కిటికీ మాటే మళ్ళీ చెప్పాను. ఆవిడ రెండు చప్పట్లు కొట్టింది, ఇది పాతదని.

డిసెంబరు 14, శుక్రవారం

బావ నోట్లో నువ్వు గింజ నానదు. పొద్దున గేటు కాపలాదారు "నమస్తే అక్సోరియస్‌గారూ" అన్నాడు. కండక్టర్లు అన్నారు. టిక్కెట్ల గదిలోని ఆమె అద్దం వెనక నుంచి చెయ్యి ఊపింది. ఆ పేరు విని నాకేదో పెద్ద ఉద్యోగం వచ్చిందనుకుని సూపరింటెండెంటు కుర్చీ చూపించాడు.

తలవంచుకుని నడిచాను. కోపం రాలేదు. ఎందుకో రాలేదు.

రిపోర్టు సోమవారం ఇస్తారట. రివాజే.

డిసెంబరు 15, శనివారం

పాలు తేవడం మర్చిపోయాను.

మొదటి నుంచి రాస్తాను. పొద్దున రద్దీ వేళ మిషనుకి ఏమైందో ఏమో, "ప్లాట్‌ఫాం. నంబరు. ప్లాట్‌ఫాం. నంబరు." అని అక్కడే తిరగడం మొదలుపెట్టింది. ఆపారు. ఇక ఏ బస్సు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. జనం అటూ ఇటూ పరుగులు. ఒక పెద్దాయన మూడు బస్సులు ఎక్కి దిగాడు. సూపరింటెండెంటు చెమటలు కక్కుతూ గోదాములోకి వచ్చాడు, ఎందుకొచ్చాడో ఆయనకే తెలీదు.

కాటా బావ నన్ను వీపు మీద తోశాడు. "వీడికి అన్నీ నోటికొచ్చు సార్. ఇన్నేళ్ళుగా రోజంతా అవే వింటున్నాడు."

"నేనా?" అన్నాను.

"నువ్వే, అక్సోరియస్‌గారూ. పద."

మైకు గదిలో ఆవిడ కుర్చీ ఉంది. ఆవిడ శాలువా దాని మీదే ఉంది. కూర్చున్నాను. ఎర్ర దీపం వెలిగింది. నోరు తెరిచాను.

"ఊఁ" అన్నాను.

బస్టాండు మొత్తానికి వినిపించింది. అందరూ ఆగి తలలు పైకెత్తారు. గాజు తలుపు వెనక బావ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, ప్రహరీ అవతల పెరట్లో, ఎండలో, ఆవిడ కూర్చుని ఉంటుంది. ఇదంతా వింటూ ఉంటుంది. ఇక ఊరికి చెప్పడం మానేసి ఆవిడకు చెప్పాను.

"నాలుగో ప్లాట్‌ఫాం మీద పొద్దుటి ఎక్స్‌ప్రెస్ ఉంది. మెట్టుంది, చూసుకోండి. పిల్లల చెయ్యి వదలకండి. కిటికీ పక్క సీటు దొరికినవాళ్ళు అదృష్టవంతులు, దాన్ని ఇంగ్లీషులో గాలి కన్ను అన్నారు. రెండో ప్లాట్‌ఫాం వాళ్ళు కంగారు పడకండి, మీ బస్సు ఇంకా కడుగుతున్నారు. అందాకా ఎండలో నిలబడండి. చలికాలం ఎండకు ఒక మంచి పేరుంది, అప్రిసిటీ. ఎవరూ వాడక మూలపడింది, మీరైనా వాడండి."

ఆపలేకపోయాను. బస్సుల మధ్య ఖాళీ వచ్చినప్పుడల్లా ఒక మాట. ఆకలితో ఉన్నవాళ్ళ కడుపు చప్పుడు గురించి కూడా చెప్పేవాణ్ణే, నాలుక కరుచుకున్నాను. అది ఆవిడ వినకూడదు. జనం నవ్వుతున్నారు, బస్సులు సరిగ్గా ఎక్కుతున్నారు. మధ్యాహ్నం మిషను బాగయిందన్నారు. లేచి నిలబడ్డాను.

సూపరింటెండెంటు గది బయట నిలబడి ఉన్నాడు. "ఆవిడ వచ్చేదాకా పొద్దున పూట నువ్వే చెప్పు. మిషను సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

ఇంటికి పరుగెత్తాను. ఈ వయసులో. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చప్పట్లు కొడుతోంది. ఒకటి కాదు, రెండు కాదు. కొడుతూనే ఉంది. ఆ లెక్కకి ఏం అర్థమో మేం పెట్టుకోలేదు.

అత్తయ్య వెనక నుంచి అరిచింది, "అల్లుడుగారూ! రేడియోలో మీ గొంతులాంటిదే ఎవరిదో వచ్చింది!"

డిసెంబరు 16, ఆదివారం

రేపు డాక్టరమ్మ దగ్గరికి. సబ్బు, పాలు. కొత్త మాట చూసుకోలేదు. కుర్చీలు రెండూ పెరట్లో వేసుకున్నాం. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. నేనూ ఏమీ మాట్లాడలేదు. ఇది పాత మౌనం కాదు.

డిసెంబరు 17, సోమవారం

డాక్టరమ్మ కాగితం ఇంకో గదిలోంచి తెప్పించడానికి చాలాసేపు పట్టింది. ఆ సేపంతా నేను గోడ మీది పటంలో గొంతు బొమ్మ చూస్తూ, దానిలో ప్రతి భాగానికీ ఇంగ్లీషు పేరు చదివాను. ఒక్కటీ తలకెక్కలేదు. ఒక్క పేరు కూడా ఎక్కడిదో తెలుసుకోవాలనిపించలేదు.

"ముక్క మంచిదే" అంది డాక్టరమ్మ. "మామూలు బుడిపె. ఇక భయం లేదు."

నేను కుర్చీలో ఉన్నాను. ఎప్పుడు కూర్చున్నానో తెలీదు. రివాజు, రివాజు అని ఎన్నిసార్లు అనుకున్నానో.

"ఇప్పుడు గొంతు చూద్దాం. నెమ్మదిగా ఆ అనండి."

ఆవిడ ఆ అనలేదు. నా వైపు తిరిగింది. తల కొంచెం వాల్చి, కళ్ళు సగం మూసి, కుర్చీలో వెనక్కి జారి, చేతిలో లేని పేపరు మడిచి, నేనెలా అంటానో అచ్చు అలాగే అంది.

"ఊఁ."

పాతదానికంటే బొంగురుగా, కిందిగా ఉంది. తలుపు చప్పుడు లేదు. గొంతే. ఆవిడ గొంతే.

నేను నవ్వాను. గదంతా వినపడేలా నవ్వాను. నాకు ఎవరూ వద్దనలేదు కదా. డాక్టరమ్మ ఏం జరిగిందో తెలియక మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. రోజుకి అయిదు నిమిషాలు మాట్లాడొచ్చంది, తర్వాత తర్వాత పెంచొచ్చంది. వేసవికల్లా మైకు ముందు కూర్చోవచ్చంది.

ఆ అయిదు నిమిషాలూ ఇంటికి రాగానే అత్తయ్యను కోప్పడటానికే అయిపోయాయి. "అమ్మా, నేను చెవిటిదాన్ని కాదే!" దగ్గర మొదలుపెట్టి, పట్టు దగ్గర, పోపులో ఉప్పు దగ్గర, నిమిషానికి ఒకటి లెక్కన తీర్చేసింది. అత్తయ్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "తిట్టవే, ఇంకా తిట్టు" అంటూ కూర్చుంది. నేను గోదాము నుంచి నిఘంటువు తీసుకొచ్చాను. దారిలో కాటా బావ ఆపి, పుస్తకం మీద ఫ్రజైల్ చీటీ అంటించాడు.

సాయంత్రం చెంచా మోగింది. గడ్డం కింద చెయ్యి.

"ఒకటి దాచాను" అన్నాను. "ఊరందరికీ తెలుసు, నీకు తప్ప."

పేజీ తెరిచి ఆవిడ ముందు పెట్టాను. వేలితో చూపించి చదివాను. "అక్సోరియస్. అక్సర్ అంటే భార్య. భార్య మీద మితిమీరిన ప్రేమ ఉన్నవాడు." ఇంత చెప్పి, గోడగడియారం వైపు చూశాను. ఈసారి ఆవిడ అటు చూడలేదు.

ఆవిడ పుస్తకం దగ్గరికి లాక్కుంది. వేలు పెట్టి ఒక్కో మాటా అడిగింది. ఇది? భార్య. ఇది? ప్రేమ. ఇది?

"మితిమీరిన."

రెండు చప్పట్లు.

"అలా అని అచ్చేశారు."

మళ్ళీ రెండు చప్పట్లు. ఇంకా గట్టిగా.

పదిహేను రోజుల కిందట కొన్న పెన్సిలు ఆవిడకి పనికిరాలేదు. మొన చెక్కి, మితిమీరిన అన్న ఆ మాట మీద అడ్డంగా ఒక గీత గీశాను.

జమ: ఊఁ.
ఖర్చు: అక్సోరియస్, దిద్దిన తర్వాత.